అర్ధరాత్రి ఫోన్లు, తిరగేసిన పేరు

ఎస్‌క్యూలైట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కోడ్‌లో 2006 అక్టోబరు 31 తేదీతో ఒక చిన్న మార్పు నమోదై ఉంది. ఈ సాఫ్ట్‌వేర్ తన పని కోసం అప్పటికప్పుడు కొన్ని ఫైళ్లు సృష్టించుకుంటుంది, పని కాగానే వాటిని పారేస్తుంది. ఆ తాత్కాలిక ఫైళ్ల పేర్లు అంతవరకూ దాని సొంత పేరుతోనే మొదలయ్యేవి. ఆ మార్పుతో అదే పేరును వెనక నుంచి ముందుకు రాశారు. ఎస్, క్యూ, ఎల్, ఐ, టీ, ఈ అనే ఇంగ్లిషు అక్షరాల వరుస కాస్తా ఈ, టీ, ఐ, ఎల్, క్యూ, ఎస్ అయింది. దీనివల్ల సాఫ్ట్‌వేర్ వేగం పెరగలేదు, తగ్గలేదు. కొత్త సౌకర్యమేదీ రాలేదు, పాత లోపమేదీ పోలేదు. మారింది ఆరు అక్షరాల క్రమం, అంతే.

మరి ఎందుకు మార్చినట్టు? మార్పు చేసినప్పుడు కారణాన్ని ఆ వాక్యం పక్కనే రాసిపెట్టడం ప్రోగ్రామర్ల ఆనవాయితీ. సాధారణంగా అది పొడిపొడిగా ఉంటుంది. ఇక్కడ మాత్రం ఓ చిన్న కథే రాశారు. దాని సారాంశం ఇది. మెకాఫీ కంపెనీ తన యాంటీ వైరస్‌లో ఎస్‌క్యూలైట్‌ను వాడుకోవడం మొదలుపెట్టింది. దాంతో విండోస్ కంప్యూటర్లలో సీ డ్రైవ్‌లోని టెంప్ ఫోల్డర్‌లో ఎస్‌క్యూలైట్ పేరున్న ఫైళ్లు కనిపించసాగాయి. వాటిని చూసి చిరాకుపడ్డ జనం గూగుల్‌లో ఆ పేరు వెతికారు. తయారుచేసినవాళ్ల ఫోన్ నంబర్లు దొరికాయి. ఇంకేముంది, అర్ధరాత్రి ఫోన్ చేసి నిద్రలేపి మరీ ఫిర్యాదులు! అందుకే పేరు తిరగేశామని, ఫైలు ఎవరిదో గుర్తుపట్టాల్సినవాళ్లు ఇప్పుడు కూడా గుర్తుపడతారని అందులో రాశారు. అంతటితో ఆగలేదు. ఈ గుట్టు విప్పగలిగే తెలివి ఉన్నవాళ్లకు, డెవలపర్‌కు ఫోన్ చేస్తే ఫైలు మాయమవదన్న తెలివి కూడా ఉంటుందని ముక్తాయింపు ఇచ్చారు.

మన తెనాలి రామకృష్ణుడైతే ఈ ఎత్తు పారేది కాదు. వికటకవిని ఎటు నుంచి చదివినా వికటకవే. ఎస్‌క్యూలైట్‌కు ఆ ఇబ్బంది లేదు కాబట్టి దాక్కోగలిగింది. ప్రోగ్రామర్లు ఈ ఉదంతాన్ని ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకుంటారు. నవ్వు రావడం సహజమే. కానీ ఆ ఆరు అక్షరాల వెనక నవ్వులాట కాని వ్యవహారం ఒకటుంది. డబ్బిచ్చి కొన్న వస్తువు ఇబ్బంది పెడితే మనిషి ఎవరి తలుపు తట్టాలి? ఏ తలుపు మీద పేరు రాసి ఉంటే ఆ తలుపే తడతాడు. లోపల ఉన్నది అమ్మినవాడా, దారిన పోయే దానయ్యా అన్నది అతనికెలా తెలుస్తుంది?

ఎస్‌క్యూలైట్ పేరు వినని పాఠకులు చాలామందే ఉంటారు. అది లేని స్మార్ట్‌ఫోన్ మాత్రం వారి జేబులో ఉండే అవకాశం దాదాపు లేదు. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ అదే. మనం దాచుకున్న ఫోన్ నంబర్లు, వచ్చిన మెసేజ్‌లు, వాట్సాప్ సంభాషణలు, బ్రౌజర్‌లో తిరిగిన దారుల జాబితా అన్నీ దాని పుస్తకంలోనే పద్దు పడతాయి. ప్రపంచంలో వాడుకలో ఉన్న ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లు లక్ష కోట్లకు పైనే ఉంటాయని దాని తయారీదారుల అంచనా. ఇంత పెద్ద సంసారాన్ని ఈదుతున్నది వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమంది. వారిలో ముఖ్యుడు, మూలపురుషుడు అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం షార్లట్ నగరానికి చెందిన డి. రిచర్డ్ హిప్. ఆయన దీన్ని ఉచితంగా ఇవ్వడమే కాదు, కాపీరైట్‌నే వదులుకుని పబ్లిక్ డొమైన్‌లో పెట్టేశారు. లైసెన్సు షరతులు ఉండాల్సిన చోట ఓ ఆశీర్వచనం రాసి ఉంటుంది. ఆశీర్వచనంతో తృప్తిపడని కంపెనీల లాయర్ల కోసం హక్కుల హామీ పత్రం కూడా డబ్బు పుచ్చుకుని ఇస్తారు.

ఇక ఆ ఫైళ్ల సంగతి. వందమందికి వంట చేసేటప్పుడు తరిగిన కూరలు, నానబెట్టిన పప్పు పెట్టుకోవడానికి పక్కన నాలుగు గిన్నెలు కావాలి. పెద్ద జాబితాను వరుసలో పేర్చాల్సి వచ్చినప్పుడో, లెక్కలో మధ్యంతర ఫలితాన్ని కాసేపు దాచాల్సి వచ్చినప్పుడో డేటాబేస్‌కూ అలాంటి గిన్నెలే అవసరమవుతాయి. అవే తాత్కాలిక ఫైళ్లు. లైనక్స్ వంటి యూనిక్స్ సంతతి వ్యవస్థల్లో ఒక వెసులుబాటు ఉంది. ఫైలును తెరిచిన మరుక్షణమే దాని పేరును ఫోల్డర్ నుంచి తుడిచేయొచ్చు. పేరు పోయినా ఫైలు ప్రోగ్రాం చేతిలోనే ఉంటుంది, పని సాగుతుంది. ఎస్‌క్యూలైట్ అక్కడ చేసేది అదే. కాబట్టి లైనక్స్ వాడేవారి కంట ఈ ఫైళ్లు పడటం అరుదు. విండోస్‌లో ఆ వీలు లేదు. ఫైలును మూసిన వెంటనే తొలగించమని ముందే చెప్పి ఉంచొచ్చు గానీ, అది తెరిచి ఉన్నంతసేపూ ఫోల్డర్‌లో పేరు కనిపిస్తూనే ఉంటుంది.

యాంటీ వైరస్ అన్నది కంప్యూటర్ వెలిగించినప్పటి నుంచి ఆర్పేదాకా పనిచేసే ప్రోగ్రాం. దాని ఫైళ్లు ఎప్పుడూ తెరిచే ఉండొచ్చు. కంప్యూటర్ నెమ్మదిస్తే చాలు, టెంప్ ఫోల్డర్ ఖాళీ చేయమన్నది ఆ రోజుల్లో వీధి చివరి కంప్యూటర్ షాపు కుర్రాడి నుంచి ఆఫీసు సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ దాకా అందరూ ఇచ్చిన సలహా. అలా ఖాళీ చేయబోయిన మనిషికి తానెన్నడూ పెట్టని, కొనని, వినని పేరుతో ఫైళ్లు కనిపిస్తే ఎలా ఉంటుంది? తొలగించబోతే వాడుకలో ఉంది, కుదరదని విండోస్ అంటుంది. ఇదేదో వైరస్సే అనుకోవడంలో వింతేముంది? వైరస్‌ను పట్టాల్సిన ప్రోగ్రామే ఆ ఫైళ్ల సొంతదారని ఊహించడానికి అతని దగ్గర ఆధారమేదీ లేదు. ఫైలు పేరులో మెకాఫీ అన్న మాటే లేదాయె.

హిప్‌కు ఇలాంటి నింద అప్పటికే అనుభవం. నిజానికి ఎస్‌క్యూలైట్ పుట్టుకలోనే అది ఉంది. 2000 సంవత్సరం ప్రాంతంలో ఆయన జనరల్ డైనమిక్స్ కంపెనీ తరఫున అమెరికా నౌకాదళం కోసం పనిచేశారు. ఆస్కార్ ఆస్టిన్ అనే యుద్ధనౌకకు సంబంధించిన పని అది. ఓడకు దెబ్బ తగిలితే ఏ గొట్టాలు మూయాలి, ఏ కవాటాలు తిప్పాలి అన్నది లెక్కగట్టి చెప్పే ప్రోగ్రాం. దానికి కావాల్సిన సమాచారం ఇన్‌ఫార్మిక్స్ అనే వేరే డేటాబేస్ సర్వర్‌లో ఉండేది. ఆ సర్వర్ పడుకున్నప్పుడల్లా హిప్ ప్రోగ్రాం తెర మీద డేటాబేస్‌తో సంబంధం కుదరడం లేదన్న సందేశం చూపించేది. అంతకుమించి అది చేయగలిగింది కూడా ఏమీ లేదు. తప్పు సర్వర్‌ది, తిట్లు మాత్రం సందేశం చూపించినవాళ్లకు. ఈ సంగతి ఆయనే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు. అసలు సర్వర్ అనేదే అక్కర్లేకుండా నేరుగా డిస్క్ మీది ఫైలును చదివే డేటాబేస్ ఉంటే ఈ గొడవే ఉండదు కదా అన్న ఆలోచనలోంచి ఎస్‌క్యూలైట్ వచ్చింది. 2000 ఆగస్టులో తొలి విడుదల. ఆరేళ్లు తిరిగేసరికి అదే నింద వేరే దారిలో వచ్చి ఇంటి ఫోన్ మోగించింది. ఓడలో ఆయన తెర మీద వేరొకరి లోపం కనిపించింది. ఇక్కడ వేరొకరు అమ్మిన సరుకు మీద ఆయన పేరు కనిపించింది.

ఓపెన్ సోర్స్ ప్రపంచంలో ఏ మార్పునైనా ఆమోదించే ముందు మరొకరు సమీక్షించడం మామూలు. ఈ మార్పు మన ముందుకొస్తే ఏం అడగాలి? మొదటి ప్రశ్న భద్రత గురించి. తాత్కాలిక ఫైళ్ల పేర్లకు చెడ్డ చరిత్రే ఉంది. యూనిక్స్ తొలినాళ్లలో పేరు తయారుచేసే ఒక పద్ధతి ప్రోగ్రాంకు ఆ క్షణాన ఉన్న క్రమసంఖ్యకు ఒక అక్షరం తగిలించి ఊరుకునేది. అంటే ఒక ప్రోగ్రాంకు దొరికే పేర్లు మొత్తం 26. అదే కంప్యూటర్‌ను వాడుతున్న దుర్బుద్ధి గల మనిషి ఆ పేరును ముందే ఊహించి, ఆ పేరుతో కీలకమైన మరో ఫైలుకు దారి చూపే లంకెను పెట్టి కూర్చుంటే చాలు. ఈ పేరుతో ఫైలు లేదులే అని ప్రోగ్రాం చూసుకోవడానికి, దాన్ని తెరవడానికి మధ్య సెకనులో ఏ వెయ్యో వంతు ఉంటుంది. ఆ సందులో లంకె పడితే సర్వాధికారాలున్న ప్రోగ్రాం తన చేతులతోనే కీలకమైన ఫైలును చెరిపేస్తుంది. ఎన్నో ప్రోగ్రాములు ఈ గోతిలో పడ్డాక 2012లో లైనక్స్ కెర్నల్‌లోనే ఇందుకు రక్షణ చేర్చారు. ఎస్‌క్యూలైట్ మార్పుతో ఈ కోణంలో నష్టం లేదు. పేరు మొదట్లో ఉండే మాటే తిరగబడింది. దాని వెనక వచ్చే, ముందుగా ఊహించలేని అక్షరాల గుంపు అలాగే ఉంది. ఇంటిపేరు మారింది, అసలు పేరు గుట్టుగానే ఉందన్నమాట.

రెండో ప్రశ్న, పాత పేరు మీద ఆధారపడ్డవాళ్లు ఎవరైనా దెబ్బతింటారా అని. ఇక్కడ ఎస్‌క్యూలైట్ ఫైళ్లలో రెండు జాతులున్నాయని గమనించాలి. డేటాబేస్‌లో మార్పు రాసేటప్పుడు మధ్యలో కరెంటు పోతే ఎలా అని అది పక్కనే ఒక జర్నల్ ఫైలు రాసుకుంటుంది. దాని పేరు డేటాబేస్ పేరుకే జర్నల్ అన్న తోక. కరెంటు వచ్చాక ఆ డేటాబేస్‌ను తెరిచే ప్రోగ్రాం సరిగ్గా ఆ పేరు కోసమే వెతుకుతుంది, దొరికితే సగంలో ఆగిన పనిని సరిదిద్దుతుంది. ఆ పేరు మార్చినా, చెత్త అనుకుని ఎవరైనా తీసి పారేసినా డేటాబేస్ పాడైపోవచ్చు. 2010 నుంచి అందుబాటులో ఉన్న మరో పద్ధతిలో కొత్త రాతలు ముందు ఇంకో తోక ఉన్న ఫైలులోకి వెళ్లి, తర్వాత అసలు ఫైలులో కలుస్తాయి. కేసుల్లో ఫోన్లు స్వాధీనం చేసుకుని వాట్సాప్ సంభాషణలను సాక్ష్యంగా చూపే మన దర్యాప్తు అధికారులకు కూడా ఇది సంబంధం లేని విషయమేమీ కాదు. అసలు ఫైలు ఒక్కటే తీసుకుని తోక ఫైలును వదిలేస్తే తాజా సందేశాలే జారిపోవచ్చు. భారతీయ సాక్ష్య అధినియమం కింద ఇచ్చే ధ్రువపత్రంలో ఫైలు హ్యాష్ విలువ పక్కాగా ఉన్నా, ఆ ఫైలే అసంపూర్ణమైతే ఏం లాభం?

జర్నల్ ఫైలు పేరు మళ్లీ దొరకడం కోసం ఉన్న పేరు. తిరగేసిన ఆరు అక్షరాలు అలాంటివి కావు. అవి మళ్లీ ఎవరికీ అవసరం పడని ఫైళ్ల మీదివి. కంప్యూటర్ హఠాత్తుగా ఆగిపోయి ఫైళ్లు మిగిలిపోతే, అవి ఎవరివో నిపుణుడు గుర్తుపట్టి ఊడ్చేయడానికి పనికొచ్చే ఆనవాలు మాత్రమే. తిరగేసినా ఆ ఆనవాలు నిలిచింది. కాబట్టి సమీక్షకుడు ఇక్కడా సంతకం పెట్టొచ్చు.

మూడో ప్రశ్న దగ్గరే నాకు పేచీ. అసలు ఈ మార్పు జరగాల్సింది ఎక్కడ? ఎస్‌క్యూలైట్‌ను తన ప్రోగ్రాంలో కలుపుకునే కంపెనీ ఆ పేరును తనకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. కోడ్‌లో ఆ వ్యాఖ్య దగ్గరే ఈ సలహా కూడా ఉంది. మిగిలిపోయిన ఫైళ్లు మీవేనని సులువుగా తెలియాలంటే మీ ప్రోగ్రాం పేరు పెట్టుకోండి అన్నది దాని భావం. కంపైల్ చేసేటప్పుడు ఒక్క మాట చేరిస్తే సరిపోతుంది. ఫైలు మీద అమ్మినవారి పేరే ఉండి ఉంటే ఫిర్యాదు అమ్మినవారి కస్టమర్ కేర్‌కే వెళ్లేది. వాళ్లకు ఫోన్లు ఎత్తడానికి జీతాలిచ్చి పెట్టుకున్న మనుషులున్నారు, కొన్నవాడి దగ్గర తీసుకున్న డబ్బు ఉంది. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ సోకు, సొమ్ము రెండూ అమ్మినవారివే. షార్లట్‌లో చెడింది నిద్ర ఒక్కటే.

కిరాణా కొట్లో బిస్కట్ పొట్లం తిప్పి చూడండి. తయారుచేసినవారి పేరు, చిరునామా ఉంటాయి. ప్యాక్ చేసింది వేరేవారైతే వారివీ ఉంటాయి. ఫిర్యాదుకు ఫోన్ నంబరు, ఈమెయిల్ ఉంటాయి. ఇది కంపెనీల ఔదార్యం కాదు. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలు అలా రాయి అన్నాయి, రాయకపోతే తూనికలు కొలతల శాఖ కేసు పెడుతుంది. ఆ పొట్లం మీద గోధుమలు పండించిన రైతు పేరు ఉండదు. బిస్కట్ మెత్తబడితే ఆ రైతును అర్ధరాత్రి నిద్రలేపాలని ఎవరికీ తోచదు కూడా. రైతుకు బాధ్యత లేదని కాదు. పురుగుపట్టిన గోధుమలు అమ్మితే ఫ్యాక్టరీ ఆయన్ను అడుగుతుంది. కొన్నవాడు మాత్రం ఫ్యాక్టరీని అడుగుతాడు. మెట్లు అలా ఉంటాయి. 2006లో సాఫ్ట్‌వేర్ పొట్లం మీద జరిగింది దీనికి తలకిందులు. ఫ్యాక్టరీ పేరు లేని చోట రైతు పేరు, గూగుల్ పుణ్యమా అని ఫోన్ నంబరు కూడా దొరికాయి.

అందుకే ఆ వ్యాఖ్యలోని చివరి చురక నాకు రుచించలేదు. ఫోన్ చేసినవారిది తెలివితక్కువతనమన్న ధ్వని అందులో ఉంది. వాళ్లు చేసిందేమిటి? తమ యంత్రంలో తెలియని వస్తువు కనిపించింది. దాని మీదున్న పేరు చదివారు. ఆ పేరుగలవారెవరో కనుక్కుని అడిగారు. పౌరుడు అన్నవాడు చేయాల్సింది అదే. అంతకు సరిగ్గా ఏడాది ముందు, 2005 అక్టోబరులో, మన దేశంలో సమాచార హక్కు చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చింది. ప్రతి కార్యాలయం సమాచార అధికారి పేరు, హోదా తానుగా ప్రకటించాలన్నది అందులోని నిబంధనల్లో ఒకటి. ఎవరిని అడగాలో తెలియకపోతే అడిగే హక్కుకు అర్థం లేదన్నదే దాని వెనక ఆలోచన. అలాగని హిప్ బృందాన్ని తప్పుపట్టడమూ న్యాయం కాదు. నిద్ర అందరికీ అవసరమే. ప్రతి కంపెనీని బతిమాలి పేరు మార్పించడం వాళ్ల తరం కాదు. తమ చేతిలో ఉన్న ఒక్క వాక్యాన్ని మార్చుకున్నారు. అయితే దానితో పోయిందేమిటో కూడా లెక్కలోకి రావాలి. అంతకుముందు మామూలు మనిషికి తన కంప్యూటర్‌లో ఎస్‌క్యూలైట్ అనేదొకటి ఉందన్న సంగతైనా తెలిసేది. తర్వాత అదీ పోయింది. తప్పు చిరునామా చెరిగిపోయింది, సరైన చిరునామా రాయనే లేదు.

ఇది ఒక్క ఎస్‌క్యూలైట్ బాధ కాదు. స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్‌ను అడిగితే ఇంకా చెబుతారు. ఇంటర్నెట్ మీద సమాచారాన్ని అటూ ఇటూ మోసే కర్ల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆయన సృష్టి. కార్ల కంపెనీలు దాన్ని తమ డ్యాష్‌బోర్డు తెరల్లో వాడుకుంటాయి. లైసెన్సు ప్రకారం కాపీరైట్ ప్రకటనను ఎక్కడో ఒక మెనూలో చూపించాలి కాబట్టి చూపిస్తాయి. అందులో స్టెన్‌బర్గ్ పేరు, ఈమెయిల్ ఉంటాయి. కారులో నావిగేషన్ పనిచేయక విసిగిపోయిన యజమాని మెనూలన్నీ తిరగేస్తే చివరికి దొరికే ఒకే ఒక్క మనిషి పేరు అది. అలా కార్ల గురించిన ఉత్తరాలు ఏళ్ల తరబడి స్టాక్‌హోం చేరుతున్నాయి. ఆయన వాటిని సరదాగా బయటపెడుతుంటారు. కార్ల యజమానుల సంగతి సరే, వారికి వేరే దారి కనిపించలేదు. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తీవ్రమైన లోపం బయటపడి ప్రపంచమంతా గగ్గోలెత్తినప్పుడు జరిగింది ఇంకా విడ్డూరం. 2022 జనవరిలో ఒక బడా అమెరికన్ కంపెనీ స్టెన్‌బర్గ్‌కు ఈమెయిల్ పంపింది. మీ ఉత్పత్తిలో ఆ లోపం ఉందా, ఏం చర్యలు తీసుకున్నారు, 24 గంటల్లో జవాబివ్వండి అని తాఖీదు. కర్ల్‌లో లాగ్‌ఫోర్‌జే లేనే లేదు. ఆ కంపెనీతో ఆయనకు ఒప్పందమూ లేదు, దాని నుంచి పైసా అందిందీ లేదు. మద్దతు ఒప్పందం కుదుర్చుకోండి, సంతోషంగా జవాబులు చెబుతానన్నది ఆయన సమాధానం. అర్ధరాత్రి ఫోన్ చేసిన విండోస్ వాడకందారుకు అమాయకత్వమనే మినహాయింపు ఇవ్వొచ్చు. న్యాయ విభాగం, కొనుగోళ్ల విభాగం ఉన్న కంపెనీకి ఏ మినహాయింపు ఇస్తాం?

చట్టాలు ఆలస్యంగానైనా ఇటు చూస్తున్నాయి. యూరోపియన్ యూనియన్ సైబర్ రిజిలియెన్స్ చట్టం 2024 డిసెంబరు 10న అమల్లోకి వచ్చింది. దాని ప్రధాన బాధ్యతలు వర్తించడానికి పెట్టుకున్న గడువు 2027 డిసెంబరు 11. డిజిటల్ ఉత్పత్తిని మార్కెట్‌లో పెట్టే కంపెనీయే అందులోని అన్ని భాగాలకూ, ఉచితంగా తెచ్చుకున్న వాటికి సహా, జాగ్రత్త వహించాలని ఈ చట్టం చెబుతోంది. లోపల ఏమేం కలిపారో జాబితా సిద్ధంగా ఉంచాలి. వాడకందారులు నేరుగా సంప్రదించడానికి ఒక చోటు చూపాలి. ఉల్లంఘిస్తే జరిమానా 1.5 కోట్ల యూరోలు లేదా ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 2.5 శాతం, ఏది ఎక్కువైతే అంతవరకూ పడొచ్చు. వ్యాపారం చేయకుండా కోడ్‌ను ఊరికే ఇచ్చేవారిని ఈ భారం నుంచి తప్పించారు. ముసాయిదా దశలో ఈ మినహాయింపు సరిగ్గా లేదని ఓపెన్ సోర్స్ సంస్థలు పెద్ద ఎత్తున పోరాడాకే అది కుదిరింది. గోధుమల రైతును ఫ్యాక్టరీ నుంచి విడదీసి చూడటం చట్టాలు రాసేవారికి కూడా మొదట్లో అంత తేలిక కాలేదన్నమాట.

మన దేశంలో ఈ పని ముక్కలు ముక్కలుగా సాగుతోంది. స్టాక్ మార్కెట్ సంస్థలకు 2024 ఆగస్టులో సెబీ ఇచ్చిన సైబర్ భద్రతా నిబంధనల్లో సాఫ్ట్‌వేర్ దినుసుల జాబితా అడిగారు. అదే ఏడాది అక్టోబరులో సెర్ట్-ఇన్ ఇలాంటి జాబితాల మీద సాంకేతిక మార్గదర్శకాలు విడుదల చేసింది. ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు, అత్యవసర సేవల సంస్థలు, సాఫ్ట్‌వేర్ పరిశ్రమ అందులోకి వస్తాయి. మంచి అడుగులే. కానీ ఆ జాబితా కొనుగోలు అధికారి ఫైలులో ఉంటుంది తప్ప, టెంప్ ఫోల్డర్ తెరిచి తికమకపడే మనిషి దాకా రాదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఇంకో సూత్రం రాసుకుంది. మన సమాచారాన్ని తీసుకున్న సంస్థ, ఆ పనిని ఇంకెవరికి అప్పగించినా, మనకు జవాబుదారీ తానే. సమాచారానికి ఒప్పుకున్న ఈ సూత్రాన్ని సాఫ్ట్‌వేర్‌కు ఒప్పుకోవడానికి అడ్డేమిటో నాకు బోధపడదు. ఫోనులోని యాప్ ఎన్ని ఉచిత భాగాలతో కూర్చినదైనా, మన చేతికి అందించినది ఒకే కంపెనీ. బిస్కట్ పొట్లానికి ఉన్నట్టే దానికీ వెనక వైపు అంటూ ఒకటి ఉండాలి. అక్కడ రాయాల్సింది ఆ కంపెనీ పేరు, ఎత్తే మనిషి ఉన్న ఫోన్ నంబరు.

తిరగేసిన పేరు ఎస్‌క్యూలైట్ కోడ్‌లో ఇప్పటికీ ఉంది, ఆ వ్యాఖ్యతో సహా. ఈ సాఫ్ట్‌వేర్‌ను 2050 దాకా నిర్వహిస్తామని హిప్ బృందం ప్రకటించింది కాబట్టి ఆ ఆరు అక్షరాలకు ఇంకా చాలా ఆయుష్షు ఉన్నట్టే. గూగుల్‌లో వెతికితే ఇప్పుడు మొదట దొరికేది ఈ కథే. దానితోపాటు, తమ టెంప్ ఫోల్డర్‌లో ఈ వింత పేరుతో ఫైలు కనిపించిందని, ఇది వైరస్సా అని రకరకాల ప్రోగ్రాములు వాడేవారు అడిగిన ప్రశ్నలు కూడా దొరుకుతాయి. కాదని, భయపడొద్దని ఓపిగ్గా జవాబిచ్చేది ఆ ప్రోగ్రాములను అమ్మిన కంపెనీలు కాదు. తోటి వాడకందారులే.